వరస కలిస్తేనే వడ్డన

మా హోటల్ బోర్డు మీద 'ఫ్యామిలీ' అనే మాట ఎందుకు రాయించావని నేను మా ఆయన్ని ఎప్పుడూ అడగలేదు. బోర్డన్నాక ఆ మాట ఉంటుంది. నల్లబండపేటలో ఆ మాట లేని హోటల్ లేదు. బైపాస్ పక్కన ఇంజనీరింగ్ కాలేజీలు వెలిశాక సందుకొకటిగా పుట్టుకొచ్చినవన్నీ ఫ్యామిలీ రెస్టారెంట్లే. వాటిల్లో తినేదంతా హాస్టల్ పిల్లలు. అసలైన ఫ్యామిలీలు ఇళ్ళల్లో పప్పుచారు పోసుకుని తిని పడుకుంటాయి.

మాది 'శ్రీ సామ్రాజ్య ఫ్యామిలీ రెస్టారెంట్ అండ్ బార్'. పైన రెస్టారెంటు, కింద బారు. సామ్రాజ్యం నేనే. ప్రేమకొద్దీ నా పేరు పెట్టానంటాడు మా ఆయన పున్నారావు. ఆ పేరు కింద బాణం గుర్తు గీయించి 'ఏసీ బార్ ఇటు' అని రాయించడం కూడా ఆ ప్రేమలో భాగమేనట.

ఒక ఆదివారం మధ్యాహ్నం, పట్టణ ఆహార క్రమశిక్షణ సంఘానికి కొత్తగా అధ్యక్షుడైన పెద్దమనిషి భార్యనూ అత్తగారినీ వెంటబెట్టుకుని బిర్యానీకి వచ్చాడు. పక్క టేబుల్ చుట్టూ కుర్రాళ్ళు మూగి ఒకే బకెట్లో చేతులు పెట్టి తింటున్నారు. అత్తగారు నాలుగు వైపులా చూసి, "ఇందులో ఫ్యామిలీ ఏదల్లుడూ?" అని అడిగింది. అల్లుడికి జవాబు తట్టలేదు. అత్తగారి ముందు జవాబు తట్టని అల్లుడి చేతిలో అధికారం ఉంటే ఏం చేస్తాడో ఆయనా అదే చేశాడు. మర్నాటికి హోటళ్ళన్నిటికీ కాగితం అంటించారు.

'యావన్మందికీ తెలియజేయడమేమనగా, ఫ్యామిలీ అని బోర్డు పెట్టి ఫ్యామిలీ కానివారికి వడ్డించుట వినియోగదారుని వంచించుటయే అగును. కావున సదరు సంస్థలయందు ఇకమీదట కుటుంబములు మాత్రమే భుజించవలెను. ఒంటరిగా గానీ, స్నేహితులతో గానీ భుజించువారిపై తగు చర్య గైకొనబడును.'

"ఆ మాట చెరిపేస్తే పోలా?" అని మా ఆయన పెయింటర్ని పిలిచాడు. పెయింటర్ నిచ్చెన ఎక్కేలోపే రెండో కాగితం వచ్చింది. ఫ్యామిలీ అనే మాట లేని బారు ఏ విద్యాసంస్థకైనా అర కిలోమీటరు లోపల ఉండకూడదట. మా ఊళ్ళో కాలేజీకి అర కిలోమీటరు దూరం కావాలంటే శ్మశానంలో పెట్టుకోవాలి. ఇప్పుడు దాని పక్కనా ఫార్మసీ కాలేజీ కట్టారు. పెయింటర్ నిచ్చెన దిగి, టీ తాగి వెళ్ళిపోయాడు.

హోటల్ బోసిపోయింది. పిల్లలు మెట్ల కింద నిలబడి వాసన పీల్చుకుని పోతున్నారు. వాళ్ళలో గోవర్ధన్, లిఖిత ఉన్నారు. ఇద్దరూ నాలుగో సంవత్సరం. ఒక ప్లేటు ఫ్రైడ్ రైస్ తీసుకుని కిటికీ పక్కన గంటసేపు తినేవాళ్ళు. ఉద్యోగాలు రాగానే ఇళ్ళల్లో ఒప్పించి పెళ్ళి చేసుకోవాలని వాళ్ళ ఆలోచన. ఇంట్లో ఇంకా తెలియని సంగతి నాకు తెలుసు కాబట్టి నా దగ్గర కాస్త చనువు.

"ఆంటీ, మాకు అమ్మగా రావా? అరగంటే," అన్నాడు గోవర్ధన్ మెట్ల మీద నుంచి. వాడి వెనక ఇంకో ముగ్గురు కుర్రాళ్ళు.

ఆకలితో ఉన్న పిల్లలు అమ్మా అంటే ఏ ఆడదానికి కాళ్ళు నిలుస్తాయి? వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చున్నాను. బిర్యానీ వచ్చింది. దాని వెనకే దక్షిణామూర్తి గారు వచ్చారు. సంఘం కొత్తగా నియమించిన కుటుంబ నిర్ధారణాధికారి ఆయన. కర్నూలు నుంచి ఒంటరిగా బదిలీ అయి వచ్చారు. పీలగా, గొడుగు మడిచినట్టు ఉంటారు.

"వీరందరూ తమరి సంతానమేనా?"

"నా కడుపున పుట్టినోళ్ళేనండీ."

ఆయన ఒక్కొక్కరినీ లేచి నిలబడి మాట్లాడమన్నారు.

"మా అమ్మేనండి బాబూ, ఏటి మీ అనుమానం?" అన్నాడు శ్రీకాకుళం కుర్రాడు.

"మా యమ్మే సార్. యాల అట్లడగతారు?" అన్నాడు అనంతపురం వాడు.

"గిదేంది సార్, మా అమ్మ కాకుంటె మరెవ్వలు?" అన్నాడు వరంగల్ వాడు.

అధికారి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఒక తల్లి బిడ్డలకు ఇన్ని యాసలేల?"

"వాళ్ళ నాన్నది బదిలీల ఉద్యోగమండీ," అన్నాను. పుట్టిన దగ్గర్నుంచీ నల్లబండపేట దాటని మా ఆయన గల్లాపెట్టె దగ్గర తల వంచుకున్నాడు.

"సరే. ఈ బాలుడు, ఈ బాలిక? వీరి వరస ఏమి?"

గోవర్ధన్, లిఖిత నా చెరో పక్కనా కూర్చున్నారు. ఆయన కలం తెరిచారు. రెండు చేతులూ రెండు తలల మీద పెట్టి, "మా పెద్దోడు, మా చిన్నపాప," అనేశాను.

"అన్నాచెల్లెళ్ళు," అని ఆయన రాసుకున్నారు. గోవర్ధన్‌కి పొలమారింది. మేనకోడలు అంటే నా సొమ్మేం పోయేది? ఆ క్షణాన నోటికి రాలేదు.

ఆయన వెళ్ళాక లిఖిత నా వైపు తిరిగింది. "చెల్లెల్నా ఆంటీ?"

"తినేదాకేనమ్మా. చెయ్యి కడుక్కుంటే పోద్ది," అన్నాను.

పోలేదు. వారం తిరిగేసరికి మా అందరికీ కలిపి ఫోటోతో సహా భోజన కుటుంబ కార్డు వచ్చింది. కింద సన్నక్షరాలతో, 'ఒకసారి నమోదైన వరస మారదు' అని ఉంది.

ఇక ఊళ్ళో అమ్మలకి గిరాకీ పెరిగింది. మా వీధి ఆడవాళ్ళు మధ్యాహ్నం ఒక హోటల్లో సివిల్ పిల్లలకి తల్లులు, సాయంత్రం ఇంకో హోటల్లో మెకానికల్ పిల్లలకి పిన్నులు. అత్తగార్లు కూడా ఉన్నారు గానీ, వాళ్ళని ఎవరూ పెద్దగా అడిగేవాళ్ళు కాదు. తల్లి దొరకనివాళ్ళు మాత్రం తప్పక తీసుకెళ్ళేవాళ్ళు. ఇన్నేళ్ళు వంట చేసి వడ్డించి, మాడిన అడుగు తిన్న ఆడవాళ్ళు. కుర్చీలో కూర్చోబెట్టి, "ఇంకాస్త వేయించుకోమ్మా," అనే మనుషులు దొరికేసరికి ఇంటి ముఖం చూడడం తగ్గించారు.

మా పక్కింటి భారతి మొగుడు లెక్చరర్. ఇంట్లో పొయ్యి వెలగక, ఆకలికి తాళలేక మా మెట్లెక్కాడు. దక్షిణామూర్తి గారు గుమ్మంలోనే ఆపారు.

"తమరి కుటుంబము?"

"అదిగోండి, ఆ టేబుల్ దగ్గర. నా భార్య."

ఆయన కార్డు తిరగేశారు. "కార్డు ప్రకారము ఆమెకు ముగ్గురు కుమారులు కలరు. భర్త గల్ఫ్‌లో కలడు. తమరెవరు?"

"భారతీ!" అని లెక్చరర్ గుమ్మంలోంచి కేకేశాడు.

భారతి చికెన్ ముక్క మీంచి తల ఎత్తకుండా, "ఫ్రిజ్‌లో పెరుగుంది. అన్నం పడేసుకోండి," అంది.

కింద బారుకీ అదే బోర్డు కాబట్టి అదే నిబంధన. పైగా దానికి ఇంకోటి కలిపారు. 'మద్యము సేవించు ప్రతి కుటుంబమునందు, వద్దని వారించు పెద్దదిక్కు ఒకరు తప్పనిసరిగా ఉండవలెను.' ఆ ఉద్యోగంలో మా అత్తయ్య తిరపతమ్మని పెట్టుకున్నాం. మా మావగారికి జీవితమంతా చెప్పీ చెప్పీ, ఒక్క చుక్క తగ్గించలేకపోయిన మనిషి. ఇప్పుడు ప్రభుత్వం చెప్పమంటోంది. కుర్చీలో కాళ్ళు పైకి మడుచుకుని కూర్చుని, గ్లాసు నిండినప్పుడల్లా, "ఒరే, పెళ్ళాం మెళ్ళో పుస్తెలన్నా ఉంచుతావా?" అని అరిచేది. మొదటిరోజే ఒకతను గ్లాసు వదిలేసి, ఏడుస్తూ ఇంటికి పోయాడు.

మా ఆయన బిక్కమొహం వేసుకుని వెళ్ళాడు. "అమ్మా, కాస్త నెమ్మదిగా చెప్పవే. యాపారం పోతంది."

"నెమ్మదిగా చెబితే ఇన్నట్టా? ఉజ్జోగంరా ఇది. గట్టిగానే చెయ్యాల," అంది అత్తయ్య.

ఆ తరవాత పిలుపు తనిఖీ మొదలైంది. కార్డులో ఉన్నవాళ్ళు నోటితో కూడా కుటుంబంగా ఉన్నారో లేదో తెలుసుకోవడానికి దక్షిణామూర్తి గారు టేబుళ్ళ మధ్య కుర్చీ వేసుకుని చెవి అప్పగించి కూర్చునేవారు. ఒకరోజు అనంతపురం వాడు, "మామా, ఆ లెగ్ పీసు ఇట్లెయ్ రా," అన్నాడు. శ్రీకాకుళం వాడు, "నువ్వే తీసుకో బావా," అన్నాడు.

ఆయన కుర్చీలోంచి ఎగిరిపడ్డారు. "ఏకోదరులు ఒకరినొకరు మామా, బావా అనుట ఏ శాస్త్రము? తల్లీ, ఈ ఇంట ఏమి జరుగుచున్నది?"

ఈ ఊరి కుర్రాళ్ళు స్నేహితుణ్ణి ఇంకోలా పిలవరని ఎంత చెప్పినా ఆయన చెవికెక్కలేదు. మర్నాడే ఇంకో కాగితం వచ్చింది. 'కుటుంబమునకు పిలుపే ప్రమాణము. కార్డులో లేని వ్యక్తిని కార్డుదారు ఏ వరసతో పిలిచిన, ఆ వ్యక్తి ఆ వరసవాడుగా పరిగణింపబడును. కార్డులో ఉన్నవారిని ఉన్న వరసతోనే పిలువవలెను.' అప్పట్నుంచి మా హోటల్లో, "అన్నయ్యా, ఆ కోడి కాలు ఇటు దయచెయ్యి," "తప్పకుండా తమ్ముడూ," అనే మాటలు తప్ప ఏమీ వినపడేవి కావు. లిఖిత మాత్రం నోరు విప్పేది కాదు. గోవర్ధన్‌ని అన్నయ్యా అనడం ఇష్టంలేక, సాంబారు కావలసినా వేలితో చూపించేది.

వేసవిలో ఇద్దరికీ ఉద్యోగాలు వచ్చాయి. ఇళ్ళల్లో చెప్పారు. ఏడుపులు, అలకలు, నిరాహారదీక్షలు అయ్యాక రెండు వైపులా దిగొచ్చారు. అయితే మాచర్లలో చెయ్యాలని ఆడపిల్లవాళ్ళు, కందుకూరులో చెయ్యాలని మగపిల్లాడివాళ్ళు పట్టుబట్టారు. ఎవరి మాటా నెగ్గక, చివరికి ఎవరి ఊరూ కాని నల్లబండపేటలో మా పై హాల్లో పెళ్ళికి సరేనన్నారు. ఆ ఒప్పందం పేకమేడలాంటిది. ఇక్కడ తప్పితే పెళ్ళే తప్పుతుందని అందరికీ తెలుసు.

పెళ్ళిభోజనాలకీ సంఘం అనుమతి కావాలి. నేనూ, లిఖిత వాళ్ళమ్మా, పిల్లలిద్దరూ దక్షిణామూర్తి గారి ఆఫీసుకి వెళ్ళాం. ఆయన కార్డు చూశారు. శుభలేఖ చూశారు. మళ్ళీ కార్డు చూశారు.

"అన్నాచెల్లెళ్ళ వివాహ భోజనమునకు అనుమతి ఇచ్చుట ఈ కార్యాలయపు చరిత్రలో లేదు."

"ఈ ఆఫీసు పెట్టి ఆర్నెల్లన్నా కాలేదు కదండీ," అన్నాను.

"అందుచేతనే చరిత్రను జాగ్రత్తగా మొదలుపెట్టవలెను."

"అయ్యా, వాళ్ళు నా పిల్లలు కాదు. ఆ రోజు భయపడి అబద్ధం చెప్పాను."

ఆయన ముఖం ఎర్రబడింది. "పెళ్ళి ఖర్చుకు జంకి కన్నబిడ్డలను కాదనుట తల్లులకు తగదమ్మా."

లిఖిత వాళ్ళమ్మ సంచీలోంచి పిల్ల పుట్టిన సర్టిఫికెట్ తీసి బల్ల మీద పెట్టింది. "ఇదిగో బాబూ. మాచర్ల ఆస్పత్రిలో నేను కన్నాను. నొప్పులు కూడా నాకే వచ్చినయ్."

"ఇది పుట్టుకకు సంబంధించిన పత్రము," అని ఆయన మర్యాదగా వెనక్కి తోశారు. "మాది భోజన శాఖ."

ఆ తల్లి సర్టిఫికెట్ మడిచి మళ్ళీ సంచీలో పెట్టుకుంది. బయటికొచ్చాక గోవర్ధన్ అరుగు మీద కూలబడ్డాడు. "చెయ్యి కడుక్కుంటే పోద్దన్నావుగా ఆంటీ," అంది లిఖిత. కోపంగా అన్నా బాగుండేది.

సంగతి విని మా అత్తయ్య పైటకొంగు దోపుకుంది. "వరస గురించి మగాళ్ళని అడుగుతారేందే? పదండి," అని మర్నాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని, క్యారేజీలో గోంగూర మాంసం, అన్నం సర్దించుకుని ఆఫీసుకి నడిచింది. దక్షిణామూర్తి గారు బల్ల వెనక బన్ను నములుతున్నారు. బల్లంతా అరటితొక్కలు.

"ఏం నాయనా, ఎముకలు తేలావు? అన్నం తినట్లా?"

"ఈ పట్టణమున నాకు కుటుంబము లేదు. పిల్లల చదువుల నిమిత్తము భార్య కర్నూలున ఉన్నది. నిబంధనల మేరకు నేను ఏ హోటలునందూ భుజించజాలను."

"ఎన్నాళ్ళనుంచి?"

"చేరిననాటి నుండి."

అత్తయ్య క్యారేజీ మూత తీసింది. గోంగూర వాసన ఫైళ్ళ మధ్యకి పోయింది. "మా సామ్రాజ్యానికి అన్నదమ్ములు లేరు. పిలుపే ప్రమాణమని రాసిందీ నువ్వే. ఇది నిన్ను తమ్ముడూ అంటది. నువ్వు పలుకు."

"తమ్ముడూ," అన్నాను.

ఆయన గిన్నె వైపు చూశారు. కిటికీ వైపు చూశారు. "అక్కా," అన్నారు, ఆఫీసు భాష మర్చిపోయి, "శానా ఆకలైతాంది."

రెండు వాయిలు తిన్నాక అత్తయ్య అసలు మాట ఎత్తింది. "ఇప్పుడు నువ్వు గోవర్ధన్‌కి మేనమామవి. మేనమామ కూతురైతే వరసేగా. నీకాడపిల్లుందా?"

"ఇద్దరును మగపిల్లలే."

"అయితే ఆ పిల్లని దత్తత చేసుకో. కార్డులో వరస మారదన్నారు గానీ, దత్తత వద్దన్లేదుగా?"

ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని ఆలోచించారు. నెమ్మదిగా ముఖం వికసించింది. "దత్తతతో పూర్వపు వరస దానంతట అదే రద్దగును. అటుపై మేనరికము సిద్ధించును. పూర్తిగా నిబంధనలకు లోబడియే ఉన్నది. అక్కా, ఇంకొంచెము గోంగూర వేయుము."

అలా లిఖిత ఆయన కూతురైంది. కన్యాదానానికి దంపతులు పీటల మీద కూర్చోవాలి కదా. ఆయన కర్నూలుకి ఫోన్ చేసి భార్యని బయల్దేరమన్నారు. మా హోటల్లో నుంచే చేశారు కాబట్టి అందరం విన్నాం.

"ఎవరి పెండ్లి?" అంది ఆవిడ.

"మన అమ్మాయిది."

"మనకు అమ్మాయి ఎప్పుడు పుట్టె?"

"మొన్న మంగళవారము."

అవతల పిల్లల్ని స్టవ్ కట్టెయ్యమనడం వినపడింది. తరవాత, "వడిబియ్యం తేవల్లనా?" అని అడిగింది. ఆమెని చూడకుండానే నాకు ఆమె మీద గౌరవం కలిగింది.

పెళ్ళిరోజు ముహూర్తం దాకా అంతా సవ్యంగానే జరిగింది. కానీ హాలు గుమ్మానికి అడ్డంగా తాడు కట్టించారు దక్షిణామూర్తి గారు. కార్డులో ఉన్నవాళ్ళు లోపల. లేనివాళ్ళు వరండాలో ప్లాస్టిక్ కుర్చీల మీద. అసలు తల్లిదండ్రులు రెండు వైపులవాళ్ళూ అక్కడే ఉన్నారు.

"మేం మరి ఎవరం బాబూ?" అని లిఖిత వాళ్ళ నాన్న తాడు పట్టుకుని అడిగాడు.

"పరిశీలకులు," అన్నారాయన.

మాంగల్యధారణ అయింది. బంతులు నడిచాయి. అప్పగింతలకి పళ్ళెంలో పాలు పోసి తెచ్చారు. కాగితం మీద మగపిల్లాడి తల్లిని నేను కాబట్టి నేను చేతులు చాపి నిలబడ్డాను. కాగితం మీద ఆడపిల్ల తండ్రి కాబట్టి దక్షిణామూర్తి గారు లిఖిత చెయ్యి పాలల్లో ముంచారు. అప్పగింత పత్రం మూడు కాపీలు తీసి చదవడం మొదలుపెట్టారు.

"లిఖిత అను సదరు కన్యను, ఉన్నది ఉన్నట్లుగా, ఎట్టి బాకీలును లేకుండా, నేటి నుండి మీ ఆధీనమునకు..." అక్కడ ఆయన ఆగి కళ్ళజోడు తీశారు. నిజంగానే కళ్ళనీళ్ళు కారుతున్నాయి. కారుతుండగానే కలం నా చేతికిచ్చారు. "ముట్టినట్లు సంతకము చేయవలెను."

కలం పట్టుకున్నాను. లిఖిత ఆయన్ని చూడడం లేదు. నన్నూ చూడడం లేదు. తాడు అవతల వాళ్ళమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. నిబంధనల్లో పరిశీలకులు ఏడవొచ్చని లేదు. అందుకే చప్పుడు రాకుండా ఏడుస్తోంది.

నేను కలం కింద పెట్టాను. "వదినా!" అని కేకేశాను. "పిల్లని నాకప్పజెప్పకుండా అక్కడ నిలబడ్డావేంది? లోపలికి రా!"

సన్నాయి ఆగిపోయింది.

"ఆమె తమరికేమగును?" అన్నారు దక్షిణామూర్తి గారు కళ్ళు తుడుచుకుంటూ.

"ఆడపిల్ల తల్లి మగపిల్లాడి తల్లికి ఏమవుద్ది సార్? వదినే."

పిలుపే ప్రమాణమని రాసిన చెయ్యి ఆయనదే. "సార్ కాదక్కా. తమ్ముడూ," అని సరిదిద్దారు. వెళ్ళి తాడు ముడి తనే విప్పారు.

లిఖిత వాళ్ళమ్మ మొగుడి చెయ్యి పట్టుకుని లోపలికొస్తూ, "అన్నయ్యగారూ, మీరూ రండి," అని గోవర్ధన్ వాళ్ళ నాన్నని పిలిచింది. ఆయన తన భార్యనీ తమ్ముళ్ళనీ పిలిచాడు. వాళ్ళు బాబాయిలనీ, బావల్నీ పిలిచారు. మెట్ల మీద నిలబడ్డ హాస్టల్ పిల్లలు, "అత్తా, మేం?" అన్నారు. "రండర్రా," అంది ఎవరో అత్త. కింద బారులో ఉన్నవాళ్ళు కూడా తిరపతమ్మని అమ్మా అనుకుంటూ పైకి వచ్చేశారు. చివరికి లెక్చరర్ కూడా దొరికినవాళ్ళనల్లా, "అక్కా, అక్కా," అంటూ దారి చేసుకుని భారతి పక్కన చేరాడు.

ఆ తోపులాటలో ఆ తల్లి కూతురి చెయ్యి మళ్ళీ పాలల్లో ముంచి, గోవర్ధన్ వాళ్ళమ్మ చేతిలోనూ నా చేతిలోనూ కలిపి పెట్టింది. ఏమీ చదవలేదు. ఈసారి చప్పుడు వచ్చేలాగే ఏడ్చింది.

"అక్కా, సంతకము..." అంటూ దక్షిణామూర్తి గారు మూడు కాపీలతో మా చుట్టూ తిరుగుతున్నారు.

ఆయన భార్య ఆ కాగితాలు అందుకుంది. నాలుగు మడతలు పెట్టి, అన్నం గిన్నె పెట్టిన బల్ల ఊగుతుంటే దాని కాలి కింద దోపింది. బల్ల కుదురుకుంది.

"ఆడపిల్ల తండ్రి అందరికన్నా కడాకు తినల్ల," అని ఆయన ముందు ఆకు పరిచి నీళ్ళు చల్లింది. "కూచోండి. ఆఖరి బంతి ఇది."